అల్లుడి అరచేతిలో పొక్రోవ్‌స్క్

తాగిన టీ గ్లాసును తలకిందులు చేసి అడుగు పరీక్షించే ఆచారం పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో ఎప్పుడు పుట్టిందన్న విషయంలో చరిత్రకారుల మధ్య వివాదమేమీ లేదు. తిత్లీ తుపాను వచ్చిన మరుసటి ఏడు, ఆషాఢంలో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు, కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ గ్రేడింగు హాల్లో బొడ్డమ్మ దానికి శ్రీకారం చుట్టింది. అంతవరకు జనం టీ తాగి గ్లాసు కింద పెట్టేవారు. అదొక అమాయక యుగం.

ఆ రోజు ఆమెకు టీ రెండు గుటకలు తగ్గిందనిపించింది. టీ కొట్టు సోములు కొత్త గ్లాసులు తెచ్చాడు. ఎత్తు అంతే, వెడల్పు అంతే. బొడ్డమ్మ గ్లాసు బోర్లించి, అడుగును వెలుతురుకు పట్టి, పాత గ్లాసు పక్కన పెట్టి కొలిచింది. కొత్తదాని అడుగు జీడిబద్దంత మందం ఎక్కువ. "గాజు కంపెనీవోలు అలగే సేసినారప్పా, నాకేటి తెలుసు?" అన్నాడు సోములు, కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కెటిల్‌లో పెట్టుకుని. వారం తిరక్కుండా పాత గ్లాసులు తిరిగొచ్చాయి. ఆనాటి నుంచి ఆ హాల్లో నలభై మంది ఆడవాళ్లు టీ తాగి గ్లాసు బోర్లిస్తారు. వారిలో సగం మందికి ఎందుకో తెలియదు. ఆచారం అంటే అదే కదా.

బొడ్డమ్మ పుట్టింది ఉద్దానంలో, కవిటి పక్క కొబ్బరితోటల్లో. మెట్టినది మందస దగ్గర. తుపాను ఒక్క పూటలో వాళ్ల కొబ్బరిచెట్లన్నిటినీ ఒకే దిక్కుకు పడుకోబెట్టేసరికి, భర్త అప్పన్ననూ కూతురు ప్రమోదినినీ వెంటబెట్టుకుని కాశీబుగ్గ వచ్చింది. అప్పన్న జీడిపిక్కల గోడౌనుకు కాపలా కుదిరాడు. ప్రమోదిని అదే ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పనిలో చేరింది. బొడ్డమ్మ గ్రేడింగు బల్ల దగ్గర కూర్చుంది.

గ్రేడింగు అంటే అనుమానించడానికి జీతం ఇచ్చే ఉద్యోగం. విరగని నిండు పప్పు గుండు ఒకవైపు, రెండుగా చీలిన బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు వెయ్యడం ఎవరైనా చేస్తారు. పైకి తెల్లగా, నున్నగా, పెళ్లికొడుకులా ఉన్న గుండు లోపల పురుగుందని పగలగొట్టకుండా చెప్పడమే విద్య. బొడ్డమ్మ గుండును రెండు వేళ్ల మధ్య ఒకసారి దొర్లించి పక్కకు తోసేస్తుంది. సూపర్‌వైజరు నారాయణరావు మొదట్లో వాటిని పగలగొట్టి చూసేవాడు. ఆర్నెల్ల తర్వాత చూడ్డం మానేశాడు. అప్పన్న మాత్రం లోకంలో అందరినీ నమ్ముతాడు. అనుమానించే పని భార్య రెండు చేతులా చేస్తూంటే తను ప్రత్యేకంగా పూనుకోవాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

ఇంత నిఘా ఉన్న ఇంటికి అల్లుడిగా వచ్చినవాడు ధనుంజయ్. వచ్చాడనడం కంటే ఉన్నవాడే అయ్యాడనడం సరి. బొడ్డమ్మ సొంత అన్న కొడుకు. ఆమె ఎత్తుకుని తిప్పిన పిల్లాడు. అతని గురించి ఉద్దానమంతటికీ తెలిసిన సంగతి ఒక్కటే: పార పట్టడు. కొబ్బరి పాదులు తవ్వే రోజు వచ్చిందంటే అతనికి సోంపేటలో పని పడేది, లేకపోతే నడుము పడేది. "నానేటి మట్టి పని సేసీడానికి పుట్టినానేటి?" అనేవాడు. టెక్కలిలో ఆరు నెలలు వెల్డింగు నేర్చుకుని, ఉదయశంకర్ అనే ఏజెంటు ద్వారా రష్యా వెళ్లాడు. ఓడల కంపెనీలో వెల్డరు. ఊళ్లో అందరికీ అదే చెప్పారు. ప్రమోదినికి తన భర్త ఓడలు అతికించే మనిషి అని చెప్పుకోవడం చాలా ఇష్టం.

బొడ్డమ్మకు మొదటి అనుమానం మూడో వారంలో వచ్చింది. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో మనిషి క్షేమం అడగాలంటే అన్నం తిన్నావా అని అడగరు, క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు. వీడియో కాల్‌లో ఆమె అదే అడిగింది.

"బాగున్నాదత్తా. ఈల్లే రక్తం తీసి అన్నీ సూసినారు. ఎత్తు, బరువు, సాతీ, కల్లు, పళ్లు, అన్నీని."

"పళ్లెందుకురా? ఓడకి అతుకెయ్యడానికి పళ్లెందుకు?"

"ఏమో అత్తా. ఇక్కడ అలగే."

తర్వాతి కాల్‌లో అతని తల నున్నగా ఉంది. అందరికీ ఒకేలా కత్తిరించారట. ఆ తర్వాతి కాల్‌లో కాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు. కంపెనీ ఇచ్చిందట. అందరికీ ఒకటే రంగు కోటు. అదీ కంపెనీ ఇచ్చిందట. అక్కడి సాయంత్రం నాలుక్కే అతని కిటికీ బయట చీకటి. కారణం అడిగితే, చలికాలం ఇక్కడ ఇంతే అన్నాడు. బొడ్డమ్మ కూతురి వైపు చూసింది.

"పట్టపగలు సీకటేటే? ఏ బొరియలో పెట్టినారో ఈడ్ని."

"అమ్మా, నీకు సూరీడి మీద కూడా అనుమానవేనా?"

ఇలాంటి సమయంలోనే హాల్లోకి పొక్రోవ్‌స్క్ యుద్ధం ప్రవేశించింది. తెచ్చినవాడు జనార్దనరావు మాస్టారు. ముప్పై మూడేళ్లు సోషల్ పాఠం చెప్పి రిటైరై, ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు రాస్తున్నాడు. పాఠం చెప్పడం మాత్రం రిటైరవలేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకు పేపరు మడతపెట్టుకుని హాల్లోకి వచ్చి, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏమేమి కూలిందో చెప్పి వెళ్తాడు. ఆ రోజు ఆయన పేపర్లో ఒక మూల వేసిన, మనవాళ్లను కొందరిని పని ఇప్పిస్తామని రష్యా తీసుకెళ్లి సైన్యంలో చేర్చారన్న వార్త కూడా చదివాడు. బొడ్డమ్మ ముద్ద కలపడం ఆపింది.

"ఎక్కడ కొట్టుకుంతన్నారు మాస్టారూ?"

"యుక్రెయిన్‌లో చాలా చోట్ల. కానీ అసలు పట్టు పొక్రోవ్‌స్క్ అనే ఊరి మీద. ఏడాది పైన అయింది."

"అంత పెద్ద ఊరేటి?"

"మన పలాస, కాశీబుగ్గ కలిపితే ఎంతో, యుద్ధానికి ముందు అంత."

"ఇంత ఊరికి ఏడాదా?" అంది పక్క బల్ల నాగమణి. "మన ఊరికైతే ఒక ఆటో సాలు, ఈ సివర్నుంచి ఆ సివరకి."

మాస్టారు ఈ క్షణం కోసమే ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పాడు. బల్ల మీద చెయ్యి చాపి ముక్కలను మధ్యలోకి జరిపాడు. "ఇది ఊరు." గుండ్లను చుట్టూ అర్ధచంద్రాకారంగా పేర్చాడు. "వీళ్లు వచ్చేవాళ్లు." బద్దలను లోపలి వైపు పెట్టాడు. "వీళ్లు కాపాడుకునేవాళ్లు. ఊరు ఎందుకు ముఖ్యమవుతుంది? రైళ్లూ రోడ్లూ కలిస్తే. పలాసను పట్టుకోవాలనుకున్నవాడు పలాస మీదికి రాడమ్మా. అటు నౌపడ దగ్గర లైను కోస్తాడు. ఇటు మందస దగ్గర హైవే కోస్తాడు. ఊరు మధ్యలో ఆకలితో కూర్చుంటుంది."

"మరి కాశీబుగ్గ?"

"రైలు గేటు వేస్తే చాలు. దానంతటదే లొంగిపోతుంది."

ఆ రోజు నుంచి గ్రేడింగు హాల్లో పొక్రోవ్‌స్క్ రోజుకు అరగంట నడిచింది. గుండ్లు ముందుకు జరిగేవి, బద్దలు వెనక్కి తగ్గేవి. ఊరు పట్టుకున్నామని ఒక పక్షం ప్రకటిస్తే, పట్టుకోలేదని రెండో పక్షం ప్రకటించేది. బొడ్డమ్మ ఇద్దరినీ నమ్మలేదు. ఒకరోజు నారాయణరావు వచ్చి బల్ల చూసి, గుండ్లలో మూడు తక్కువున్నాయేమని అడిగాడు. ఉత్తర పార్శ్వం మొత్తం మాయమైంది. నాగమణి నోరు మూసుకుని కదలకుండా కూర్చుంది. మూసుకున్న నోరు నమలడం మాత్రం ఆపలేదు.

"బొడ్డమ్మక్కా," అనేది నాగమణి రోజూ పొద్దున్నే, "నీ అల్లుడు ఇయ్యాల ఏ ఈధి పట్టుకున్నాడే?"

బొడ్డమ్మ నవ్వేది కాదు. ఆమె మాస్టారును వేరే ప్రశ్నలు అడిగేది. అక్కడ సైనికులకు రక్తం పరీక్ష చేస్తారా? చేస్తారు. జుట్టు కత్తిరిస్తారా? కత్తిరిస్తారు. బూట్లు? ఇస్తారు. "సరే మాస్టారూ, తుపాకి పట్టడం రానోడ్ని తీస్కెల్లి ఏటి సేయిత్తారు?"

"తుపాకీ తర్వాతమ్మా. యుద్ధంలో సైనికుడు తుపాకీ కంటే పార ఎక్కువ పడతాడు. ముందు కందకం తవ్వాలి. అందులో దాక్కోవాలి. ఇంకో వంద గజాలు వెళ్లాలి, మళ్లీ తవ్వాలి."

ఆ సాయంత్రం ధనుంజయ్ ఫోన్ చేసినప్పుడు బొడ్డమ్మ కూతురి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఓరి నాయినా, సేతులు సూపించు."

"సేతులేటత్తా?"

"అరసేతులు. దగ్గిరగా పెట్టు. అలగ కాదు, ఎలుతుర్లో."

అతను పెట్టాడు. ఆమె రెండు వేళ్ల మధ్య గుండును దొర్లించినంత సేపు చూసింది. వెల్డరు చెయ్యి ఆమెకు తెలుసు. టెక్కలిలో నేర్చుకునే రోజుల్లో ఇతని చేతి మీదే చూసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నిప్పురవ్వలు పడి ఆవాలంత మచ్చలు. ఇప్పుడా మచ్చలు లేవు. ఉన్నవి మాత్రం కుడి అరచేతిలో చిటికెనవేలి మొదట్లో ఒకటి, ఉంగరం వేలి మొదట్లో ఒకటి, ఎడమ చేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, పసుపుపచ్చగా గట్టిపడ్డ కాయలు. ఉద్దానంలో పుట్టినవాళ్లకు వాటి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె తండ్రికి ఉండేవి. అన్నకు ఉండేవి. కొబ్బరి పాదులు తవ్వే ప్రతి మనిషికీ ఉండేవి. ఈ పిల్లాడికి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కటీ లేదు.

ఫోను పెట్టేశాక ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. అప్పన్న భయపడ్డాడు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె అనుమానం లోపలే దాచుకోవడం అతను చూడలేదు.

"ఏటయ్యిందే?"

"ఈడు పార పడతన్నాడు."

"మంచిదే కదేటి?" అన్నాడు అప్పన్న.

మరుసటి రోజు ఆమె పని మానేసి టెక్కలి బస్సెక్కింది. ఉదయశంకర్ ఆఫీసులో గోడకు ఓడ బొమ్మ, విమానం బొమ్మ, దేవుడి బొమ్మ ఒకే సైజులో ఉన్నాయి. అతను కుర్చీ చూపించి, కూల్‌డ్రింకు తెప్పించి, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. ఇన్ని మర్యాదలు చేసినవాడి దగ్గర మంచి కబురుండదని బొడ్డమ్మ అప్పుడే నిశ్చయించుకుంది.

"మా ధనుంజయ్ ఎక్కడున్నాడు బాబూ?"

"రష్యాలోనే పిన్నిగారూ. సేఫ్‌గా ఉన్నాడు."

"ఎల్డింగేనా?"

ఉదయశంకర్ కూల్‌డ్రింకు సీసా మీద కాగితం గోకాడు. "అతన్నే అడగండి. ఇంట్లో చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నేను మాట తప్పే మనిషిని కాను."

మాట తప్పని ఏజెంటును చూడడం బొడ్డమ్మకు జీవితంలో అదే మొదలు. కూల్‌డ్రింకు ముట్టకుండా లేచి తిరుగు బస్సెక్కింది.

శుక్రవారానికి మాస్టారు చేత అర్జీ రాయించింది. సోమవారం శ్రీకాకుళంలో కలెక్టరుకు ఇవ్వాలి. "మా అల్లుడు చింతాడ ధనుంజయ్‌ను మోసగించి యుద్ధరంగమునకు తరలించినారు" అని మొదలై, పొక్రోవ్‌స్క్ భౌగోళిక ప్రాముఖ్యాన్ని ఒక పేజీ వివరించి, "కావున తమరు దయతో యుద్ధమునుండి విడిపింపగోరెదము" అని ముగిసింది. భార్య సంతకం కావాలి. ప్రమోదిని పెట్టనంది.

"ఆయన్ని అడక్కండా పెట్టను."

"అడిగితే నిజం సెప్తాడేటే?"

"యుద్ధంలో లేకపోతే? ఈ కాయితం పేపర్లో పడితే ఆయన్ని అక్కడ పన్లోంచి తీసేత్తారు. ఏ మొకం ఎట్టుకుని తిరిగొత్తాడు?"

"ఉంటే?"

ప్రమోదిని కాగితం వెనక్కి తోసేసింది. ఆమె కూడా ఆ కాయలు చూసింది. మూడు రోజులుగా అన్నం సయించక క్యారేజీ నాగమణికి ఇచ్చేస్తోంది.

లోడు వచ్చినప్పుడు పై సంచీ విప్పి చూసేవాడు మోసపోతాడు. అమ్మేవాడు మంచి పిక్కలు పైనే పెడతాడు. మధ్య సంచీ లాగాలి, అదీ చెప్పకుండా. బొడ్డమ్మకు ఏడేళ్లుగా తెలిసిన సూత్రం అది. ధనుంజయ్ తనకు వీలైనప్పుడు, గోడకు ఆనుకుని, ముఖం కడుక్కుని ఫోన్ చేస్తున్నాడు. అదంతా పై సంచీ.

శనివారం పన్నెండూ ముప్పావుకు, క్యారేజీలు విప్పే వేళ, ఆమె ప్రమోదిని ఫోను తీసుకుంది. అక్కడ ఉదయం పదింబావు అని మాస్టారు లెక్కకట్టాడు. నలభై మంది తినడం ఆపి చుట్టూ చేరారు. నారాయణరావు కూడా, పనిలోకి పొమ్మనడానికి వచ్చినట్టు వచ్చి, వెళ్లలేదు. ఫోను చాలాసేపు మోగింది. చివరికి ముఖం కనిపించింది. ముక్కు ఎర్రగా, కనుబొమ్మల మీద తెల్లగా ఏదో.

"ఏటే, ఇప్పుడు సేసినావేటి? డూటీలో ఉన్నాను."

"నానురా, మీ అత్తని. ఏ డూటీ?"

కనుబొమ్మలు కదిలాయి. వాటి మీది తెల్లటిది రాలింది. "ఎల్డింగేనత్తా."

"ఎల్డింగైతే కల్లకి అద్దవేదిరా? ఫోను ఇటు తిప్పు."

"సిగ్నల్ సరిగా నేదత్తా, సాయంత్రం—"

"తిప్పు."

తిప్పాడు. తెరంతా తెలుపు. తెల్లారీ తెల్లారనట్టున్న మసక వెలుతురులో ఒకే రంగు కోట్లు వేసుకున్న మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరో ఈల ఊదారు. వరస ముందుకు కదిలింది. హాల్లో ఎవరో "ఓలమ్మో, లైను కట్టినారే" అన్నారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రమోదిని తల్లి భుజం పట్టుకుంది.

"నీ సేతిలోదేటి?" అంది బొడ్డమ్మ. తెర అంచున ఒక కర్ర పిడి కనిపించింది.

"పారత్తా."

"ఎంత లోతు తవ్వినావురా, నాయినా?"

"తవ్వడం కాదత్తా. తియ్యడం."

"ఏటి తియ్యడం?"

తెరలోకి ఒక బూటు వచ్చి తెల్లటి నేలను తన్నింది. "మంచు."

హాల్లో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అప్పుడే తెర పక్క నుంచి ఒక ముసలామె వచ్చింది. తలకు గుడ్డ, చేతిలో కూరగాయల సంచీ, పక్కన పొట్టి కుక్క. ధనుంజయ్‌కు ఆపకుండా ఏవో చీవాట్లు పెట్టి, చేతికర్రతో మెట్లు చూపించి, మళ్లీ ఇంకో మెట్టు చూపించింది. అతను ఫోను పట్టిన చేత్తోనే దణ్ణం పెట్టి, కెమెరా తన వైపు తిప్పుకున్నాడు. ఆమె వెళ్లిపోయింది.

"అదెవుల్రా?"

"ఈ బిల్డింగ్‌లోదత్తా. నిన్న మెట్ల కాడ జారిపోనాది. రోజూ ఆల్ల మెట్లే ముందర తియ్యమంతాది. ఈ మూలుంది, ఆ మూలుందని..." అతను ఆగి, తల వంచుకున్నాడు. "అచ్చం నీలాగే."

ఆ తర్వాత అంతా అదే దొర్లుకుంటూ వచ్చింది. వచ్చిన మర్నాడే వెల్డింగు పరీక్ష పెట్టారు. అతికించినదాన్ని ఇంజనీరు చేత్తో విరిచేశాడు. తిరిగి పంపేస్తామన్నారు. రోడ్ల మీద మంచు తీసే జట్టులో ఖాళీలున్నాయంటే ఒప్పుకున్నాడు. ఊరు సెయింట్ పీటర్స్‌బర్గ్. పక్కవాళ్లలో ఇద్దరు ఒడిశా, ఒకతను బీహారు. పాదులు తవ్వమంటే ఊరు వదిలి పారిపోయినవాడు, ఇంత దూరం వెళ్లి పార పట్టాడని ఎలా చెప్పుకోవాలో తెలియలేదు.

ప్రమోదిని ఫోను లాక్కుంది. "యుద్ధం కాదు కదా?"

"ఏ యుద్ధం?"

"నిజం సెప్పు. ఒట్టు ఎయ్యి."

"ఏ యుద్ధమే? ఇక్కడ సలికే సచ్చిపోతన్నాను."

ఆమె నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో అది ఏడుపైపోతే ఆపుకోలేక, ఫోను గుండెకు అదుముకుని బల్ల మీద వాలిపోయింది. అతను అటు నుంచి "ఏటే, ఏటయ్యిందే" అని అరుస్తూనే ఉన్నాడు. నాగమణి క్యారేజీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. మాస్టారు తన అట్లాసు తెరిచి స్కేలు ఆనించి, అక్కడి నుంచి పొక్రోవ్‌స్క్‌కు సుమారు పద్నాలుగు వందల కిలోమీటర్లని ప్రకటించాడు. ఎవరూ అడగలేదు.

బొడ్డమ్మ అర్జీని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. చింపలేదు. ఇంకా ఒక సంగతి ఆమెకు తేలలేదు. ప్రమోదిని తేరుకోగానే ఫోను మళ్లీ అందుకుంది.

"మంచంటే దూదిలాగుంటాదంట కదరా. దూది తీస్తే సేతికి కాయలు కాత్తాయేటి? ఆ పార ఇటు సూపించు."

ధనుంజయ్ కెమెరా ముందు పార పట్టుకున్నాడు. పిడి కర్రది, మిగతాదంతా ఎర్ర ప్లాస్టిక్. కాయలు కాయించింది ఆ కర్రేననీ, ఆ ప్లాస్టిక్‌తో కందకం కాదు కదా కొబ్బరి పాదైనా తవ్వలేరనీ బొడ్డమ్మకు అప్పుడు తేలింది.